ఊదు పొగ వెంట

దోహాలో దిగిన రోజే మా చెల్లి వాళ్ళ అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఒక వాసన నన్ను పట్టుకుంది. లిఫ్టు ఖాళీ. నాకంటే ముందెవరో దిగి వెళ్ళిపోయారు, వాళ్ళ బట్టల పరిమళం మాత్రం వెళ్ళలేదు. మొదట తోలు వాసనలా తోచింది. తర్వాత పొగ. ఆ తర్వాత తేనె. అన్నిటికీ అడుగున, ఎక్కడో, పశువుల కొట్టం. నాలుగో అంతస్తు వచ్చేసరికి మా అమ్మమ్మ గారి ఊరి దర్గా కళ్ళముందు నిలిచింది. గురువారం సాయంత్రాలు అమ్మమ్మ కొంగున ముడేసి తెచ్చిన ఊదు నిప్పుల మీద చల్లి, ఆ పొగను రెండు చేతులతో నా తలకేసి తోసేది.

"ఏం వాసనే ఇది?" అని అడిగాను చెల్లి తలుపు తియ్యగానే, పెట్టె ఇంకా చేతిలో ఉండగానే.

"ఊద్ అక్కా. ఇక్కడ ఆడా మగా అందరూ వేసుకుంటారు. నాలుగు రోజులుంటే నీకూ అలవాటైపోతుంది."

అలవాటు కాలేదు. ఉన్న పదిరోజులూ దాని వెనకే తిరిగాను.

ఊదు అన్న మాట మనకు కొత్తదేం కాదు. గుంటూరు పట్నంబజారులో నాన్న ఊదొత్తుల కట్ట కొనేవాడు. ఇంటికొచ్చాక నాయనమ్మ వాటినే అగరొత్తులనేది. అగరు సంస్కృతం నుంచి వచ్చింది, ఊదు అరబ్బీ నుంచి. రెండు మాటలూ చూపించేది ఒకే చెట్టుని. అరబ్బీలో ఊద్ అంటే ఉత్త కర్ర అనే అర్థం. లోకంలో ఇన్ని కర్రలుండగా ఒక్కదాన్ని మాత్రం 'కర్ర' అంటే చాలు అనుకున్నారంటే, దాని మీద వాళ్ళకున్న గౌరవం ఎంతటిదో తెలుస్తుంది. మన పుల్లల్లో ఆ చెట్టు ఉండదు. బొగ్గుపొడి, జిగురుపొడి, పైన సెంటు. అమ్మమ్మ చల్లిన ఊదు కూడా నిజానికి సాంబ్రాణి బంకే. రెండు పేర్లతో పిలుచుకుంటూ, రోజూ దేవుడి ముందు వెలిగిస్తూ, అసలు వస్తువు వాసనే తెలియకుండా నలభై ఆరేళ్ళు గడిపానన్న సంగతి నన్ను కుదిపింది.

మర్నాడు మెట్రో ఎక్కి సూక్ వాఖిఫ్‌లో దిగాను. వాఖిఫ్ అంటే నిలబడడం. ఒకప్పుడు సముద్రపు పోటు ఇక్కడిదాకా వచ్చేదని, వర్తకులు నిలబడే బేరాలు ఆడేవారని చెబుతారు. 2003లో అగ్నిప్రమాదం జరిగి చాలా భాగం కాలిపోయింది. ఆ తర్వాత పాత పద్ధతిలోనే మట్టిపూత గోడలతో, కర్ర దూలాలతో తిరిగి కట్టారు. ఎండు నిమ్మకాయలు, యాలకులు, హుక్కా పొగ, కరక్ చాయ్, డేగలమ్మే సందులోంచి వచ్చే ఈకల వాసన. ముదురెర్ర కోటు తొడుక్కుని ఒంటిచక్రపు బండి తోసుకెళ్ళే ముసలి కూలీలను ఇక్కడ హమాలీలంటారు. మన మిర్చియార్డు మాట అక్కడ ఒక అరబ్బు పెద్దాయన నోట వినగానే కాళ్ళు ఆగిపోయాయి. మాటలు కూడా సరుకుల్లాగే పడవలెక్కి వచ్చాయి, వెళ్ళాయి.

అత్తరు దుకాణాల వరసలో ఆ రోజు నేను చేసిన కొనుగోలు గురించి ఎక్కువ చెప్పను. అద్దాల బీరువాలు బాగా మెరుస్తున్న ఒక చోట, ఊద్ అని చెప్పిన సీసా తీసుకున్నాను. సాయంత్రానికి అందులో మిగిలింది ఒకే ఒక్క గీత లాంటి వాసన, పదునుగా, ఎంతసేపటికీ మారకుండా. రాత్రికి తల పగిలిపోయింది. మా మరిది ఆ సీసా వాసన చూసి పక్కన పెట్టేశాడు. "వదినా, మా ఆఫీసులో పెద్ద ఖతారీ ఆయన ఒక్కరి దగ్గరే కలిపించుకుంటాడు. ఆ కలిపే ఆయన హైదరాబాదు మనిషే. రేపు తీసుకెళ్తాను" అన్నాడు.

అలా దొరికాడు చాచా. పేరు రాయొద్దని అడిగాడు కాబట్టి ఇక్కడ చాచాగానే ఉంటాడు. మా మరిది అలాగే పిలిచాడు, నాకూ అదే నోటికొచ్చింది. డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి. దుకాణం ముందు భాగంలో ఉండడు. వెనక ఇరుకు మెట్లెక్కితే ఒక చిన్న గది. అరల నిండా అల్యూమినియం డబ్బాలు, ముదురు రంగు సీసాలు, మధ్యలో కంసాలి వాడేలాంటి త్రాసు, గాజు పుల్లలు, ఒక పాత నోటుపుస్తకం. ఏసీ లేదు. ఉంటే వాసన చదునైపోతుందని పెట్టించుకోలేదట.

నన్ను చూడగానే అడిగిన మొదటి మాట: "పొద్దుగాల ఉల్లిగడ్డ తిన్నవా బిడ్డా?"

తినలేదన్నాను. సెంటు కొట్టుకున్నావా అన్నాడు. లేదన్నాను. అప్పుడు గానీ కుర్చీ చూపించలేదు.

పదకొండేళ్ళ వయసులో చాచాని చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీలో వాళ్ళ మామ అత్తరు దుకాణంలో పెట్టారు. "రెండేండ్లు సీసాలే కడిగిన బిడ్డా. ఉత్తగ కడుగుడు గాదు. కడిగినంక గూడ దాంట్ల ఏ అత్తరు ఉండెనో చెప్పాలె. గులాబు తొందరగ పోతది. మోతియా పోతది. ఖస్ పోదు. సీసా పలిగినా పోదు." ఖస్ అంటే మన వట్టివేరు. వేసవిలో కుండలో వేసుకునే ఆ వేరుకి అంత పట్టుదల ఉందని నాకు తెలియదు. ఖాళీ సీసాల దగ్గర చదువు మొదలవ్వడం నాకు చాలా నచ్చింది. ఉన్నదాన్ని ఎవరైనా గుర్తుపడతారు, వెళ్ళిపోయినదాన్ని గుర్తుపట్టడమే ముక్కుకి అసలు పరీక్ష.

పదిహేడో ఏట మామతో కలిసి గులాబీల కాలంలో కన్నౌజ్ వెళ్ళాడు. అక్కడి బట్టీల గురించి చెబుతున్నప్పుడు చేతులు వాటంతటవే కదిలాయి. తెల్లవారకముందే కోసిన పువ్వులు రాగి డేగ్‌లో పోసి, నీళ్ళు పోసి, మూతకి మట్టి మెత్తుతారు. కింద కట్టెల మంట. డేగ్ నుంచి వెదురు గొట్టం వాలుగా దిగి నీళ్ళతొట్టిలో కూర్చున్న భప్‌కాలోకి వెళుతుంది. భప్‌కా కడుపులో ముందే మంచిగంధం నూనె పోసి ఉంటుంది. పూల ఆవిరి వచ్చి ఆ గంధంలో దిగుతుంది. మర్నాడు నీళ్ళు వంచేసి, మళ్ళీ కొత్త పువ్వులు, అదే గంధం. పది, పదిహేను రోజులు ఇలా పూలమీద పూలు తాగితే గాని అది గులాబీ అత్తరు కాదు. ఉష్ణమాపకం లేదు, గడియారం లేదు. బట్టీ మేస్త్రీ భప్‌కా మెడ మీద అరచెయ్యి పెట్టి చాలు అంటాడు. "నా చెయ్యి గూడ పెట్టమన్నడు. నాకేం తెల్వలే. ఆయనకి తెల్సింది. గా తేడా నేర్చుకునేటందుకు నాకు ఇరవై ఏండ్లు పట్టింది."

ఆవిరి పట్టడంలోని ఆ పొదుపు చూస్తే గుండె ఝల్లుమంటుంది. గులాబీ నూనె ఒక్క కిలో తియ్యాలంటే మూడు నాలుగు టన్నుల రేకులు కావాలి. మల్లెపువ్వు ఇంకా సుకుమారం. ఆవిరి వేడికి కమిలిపోతుంది కాబట్టి ఈరోజుల్లో ఎక్కువగా ద్రావకాలతో తీస్తారు. అందుకే సహజమైన నూనె అన్నది ఎప్పుడూ కొద్దిగానే ఉంటుంది, ఎప్పుడూ ఒకేలా ఉండదు. వాన ఎక్కువైన ఏడు ఒక వాసన, తక్కువైన ఏడు ఇంకో వాసన.

కన్నౌజ్ నుంచి బొంబాయి మహమ్మదలీ రోడ్డు, అక్కడి నుంచి దోహా. వచ్చి నలభై ఏళ్ళు దగ్గర పడుతోంది. మొదట అమ్మకాలు, తర్వాత గిడ్డంగిలో చెక్కలు వేరుచేసే పని, ఆ తర్వాతే కలపడం. ఈ దారి చాచా ఒక్కడిదే కాదు. అస్సాంలోని హోజాయ్ ప్రాంతపు రైతు హాజీ అజ్మల్ అలీ 1950ల మొదట్లో ఊద్ పట్టుకుని బొంబాయి చేరాడు. ఆ కుటుంబం గల్ఫ్‌కి వెళ్ళి అజ్మల్ అనే పెద్ద అత్తరు సంస్థను నిలబెట్టింది. చాచా మాత్రం తన పేరిట దుకాణం పెట్టలేదు. కలిపింది ఆయన, సీసా మీద ముద్ర యజమానిది. దానికి ఆయనకి ఏ బాధా లేదన్నాడు, నాకే ఉంది.

త్రాసులో ఆయన వేసిన చిన్న రాయి చూసి ఇదెంత అన్నాను. "తులా" అన్నాడు. తులం! ఖతార్‌లో ఊద్ నూనె నేటికీ తులాల్లోనే అమ్ముతారు, పదకొండున్నర గ్రాములకి కాస్త పైన. పావు తులం, అర తులం అని ఖతారీలు అచ్చం మన బంగారం కొట్టు భాషలో అడుగుతారు. ఇందులో వింత లేదు. 1966 దాకా ఈ దేశంలో చెల్లింది రూపాయే. 1959లో మన రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం ప్రత్యేకంగా రూపాయి నోట్లు అచ్చువేసింది. రూపాయి వెళ్ళిపోయింది, తులం మిగిలింది.

అప్పుడు చాచా నాకు ఊదు చూపించాడు.

ముందు బొగ్గు రాజేసి, వెంటనే చెక్క వెయ్యకుండా కూర్చున్నాడు. ఏమిటి ఆలస్యం అన్నట్టు చూశాను. "నివురు పట్టనియ్యి" అన్నాడు. నివురుగప్పిన నిప్పు అని మనం కోపం గురించి, కక్ష గురించి చెప్పుకుంటాం. ఇక్కడ అది కొలత. ఎర్రటి నిప్పు మీద వేస్తే చెక్క మాడిపోయి కట్టె వాసనే వస్తుంది. తెల్లటి బూడిద పొర పట్టాక ఆ వేడి సన్నగా, సమంగా తగులుతుంది. గోరంత చెక్క తీశాడు. లేత గోధుమ రంగు మీద నల్లటి చారలు. పట్టకారుతో బూడిద మీద మెల్లగా పెట్టాడు. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఆ నల్లటి చారలు చెమర్చాయి. చిన్న చిన్న బుడగలు లేచి, మెరిసి, పగిలాయి. పొగ దారంలా లేచింది.

మొదట నాకు అందింది తీపి. పనసతొనలా ఉందా, బెల్లంపాకంలా ఉందా అని తేల్చుకునేలోపు అది చల్లగా మారింది, నీడలో తడిసిన నేలలా. ఆ తర్వాత చేదు. చివరికి చాలాసేపటికి, లిఫ్టులో నన్ను పట్టుకున్న ఆ తోలు, ఆ పశువుల కొట్టం. ఒక్క చెక్క ముక్క పావుగంటలో ఇన్ని చోట్లకి తీసుకెళ్ళింది. ముందురోజు నేను కొన్న సీసా ఎందుకు తలనొప్పి తెచ్చిందో అప్పుడు అర్థమైంది. దానికి మారడం తెలియదు.

ఈ చెట్టు అస్సాం నుంచి కాంబోడియా, ఇండోనేసియా దాకా పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న చెట్టు కర్ర తెల్లగా, తేలిగ్గా, వాసన లేకుండా ఉంటుంది. పురుగు తొలిచి, ఆ గాయంలో బూజు చేరితే, దాన్ని ఆపడానికి చెట్టు ముదురు రంగు జిగురు ఊరుస్తుంది. ఏళ్ళ తరబడి అది కర్రలోకి ఇంకి ఊదవుతుంది. జిగురు బాగా పట్టిన చెక్క నీళ్ళలో మునుగుతుంది. చాచా గ్లాసులో వేసి చూపిస్తే రాయిలా అడుగుకి పోయింది. చైనా వాళ్ళు, జపాన్ వాళ్ళు దానికి మునిగే సుగంధమనే పేరు పెట్టారు. ఏడో శతాబ్దంలో కామరూప రాజు భాస్కరవర్మ హర్షుడికి పంపిన కానుకల్లో అగరు నూనె ఉందని బాణుడు రాశాడు. ఇంత పాత మోజు అడవిని మిగల్చలేదు. అస్సాం రకాన్ని 1995 నుంచి, 2004లో తీసుకున్న నిర్ణయంతో ఆ జాతి చెట్లన్నిటినీ, అంతర్జాతీయ వ్యాపారంలో అనుమతి పత్రం ఉంటేగానీ కదలకుండా కట్టడి చేశారు. ఇప్పుడు తోటలు వేసి, కాండానికి రంధ్రాలు చేసి, బూజు ఎక్కించి ఊదు పండిస్తున్నారు. ముత్యాల కథ తెలిసిన దేశం ఇది. జపాన్ పెంపుడు ముత్యం వచ్చాక, 1930ల్లో ఇక్కడి గజ ఈతగాళ్ళ బతుకు కూలిపోయింది. తోట ఊదు మీద చాచాకి కోపం ఉంటుందేమో అనుకున్నాను. లేదు. "అడివి ఊదు తాతలెక్క, తోట ఊదు పిలగాని లెక్క. పిలగాణ్ణి గూడ పెంచాలె గదా, ఎల్లగొడితే ఎట్ల?" అన్నాడు.

ఆయన పద్ధతి నాకు బోధపడింది మాత్రం ఇంకో విషయం దగ్గర. ఊద్ నూనెల్లో 'హిందీ' అనే రకం, అంటే అస్సాం వైపుది, అన్నిటికంటే ఘాటు. చెక్కను పొడిచేసి వారాల తరబడి నీళ్ళలో నానబెట్టి తీస్తారు కనుక ఆ కొట్టం వాసన దిగుతుంది. దాన్ని తీసేసి మిగిలింది ఉంచలేరా అని అడిగాను. చాచా నవ్వలేదు. మల్లె అత్తరు సీసా తీసి నా చేతి వెనక ఒక చుక్క రాశాడు. "మంచిగ చూడు. అడుగున ఏమున్నది?" కళ్ళు మూసుకుని చూశాను. రాత్రి జడలో పెట్టుకున్న మల్లెలు తెల్లారి దిండు మీద ఎలా ఉంటాయో, ఆ కమిలిన వాసన. కుళ్ళుకి ఒక అడుగు ఇవతల. మల్లెలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. ఎక్కువైతే దుర్వాసన, ఆ పిసరంత లేకపోతే మల్లె కాదు, సబ్బు.

"గది కడిగేస్తే పువ్వు సచ్చిపోతది బిడ్డా. ఊదుల కొట్టం వాసన గూడ గంతే. తీసెయ్యొద్దు. పక్కన సోపతి పెట్టాలె."

ఆయన కలపడమంతా ఆ సోపతి వెతకడమే. హిందీ ఊద్‌కి తాయిఫ్ గులాబీ, ఎందుకంటే సౌదీ కొండల్లోని ఆ గులాబీకి మిరియం లాంటి చురుకుంది, ఘాటు ముందు తలవంచదు. ఇద్దరి కిందా పరుపులా మంచిగంధం. కస్తూరి మృగాన్ని చంపే రోజులు పోయాయి, పోవాలి కూడా. దాని బదులు ఆయన వాడేది కస్తూరిబెండ గింజల నూనె. మా పెరట్లో పసుపు పూలు పూసే ఆ మొక్క గింజకి ఇంత మర్యాద ఉందని తెలిస్తే అమ్మ పీకేసేది కాదు. ఇక ఆయన తప్ప ఈ వీధిలో ఇంకెవరూ వెయ్యరని చెప్పుకున్న ఒక చుక్క: మొగలిపువ్వు. గంజాం తీరంలో, మన శ్రీకాకుళానికి ఆనుకునే ఉన్న ఆ ఇసుకనేలల్లో తీసిన కేవ్‌డా. ఒక్క చుక్క, అంతకు మించితే పెళ్ళిభోజనం అయిపోతుందట. హైదరాబాదు ముక్కు ఆ చుక్కలో ఉంది.

నోటుపుస్తకంలో లెక్కలు ఉర్దూలో ఉన్నాయి. అవి ఉండగా ప్రతిసారీ మళ్ళీ వాసన చూస్తూ కలపడం ఎందుకన్నాను. పోయినేడు గంధం వేరు, ఈ ఏడు గంధం వేరు, చుక్కలు అవే వేస్తే అత్తరు అది కాదు అన్నాడు. వంటకీ అంతే కదా. చింతపండు పులుపు చూడకుండా కొలత ప్రకారం పులుసు పెట్టే ఇల్లాలు మన దగ్గర ఉండదు.

ల్యాబుల్లో చేసిన సుగంధాలను ఆయన తిట్టలేదని కూడా చెప్పాలి. తక్కువ ధర అడిగేవాళ్ళకి అవీ కలుపుతాడు, కలిపానని చెప్పే ఇస్తాడు. 2002లో పారిస్‌లో ఎమ్‌సెవెన్ అనే సెంటు వచ్చినప్పటి నుంచి పాశ్చాత్య కంపెనీలన్నీ ఊద్ పేరు వాడుకుంటున్నాయి, వాటిలో చాలావాటిలో చెట్టు నూనె ఉండదు. అక్కడా కలిపేవాళ్ళ పేర్లు చాలాకాలం చీకట్లోనే ఉన్నాయి. 2000లో ఫ్రెడరిక్ మాల్ అనే ఆయన ఫ్రాన్స్‌లో ఒక సంస్థ పెట్టి, పుస్తకం మీద రచయిత పేరున్నట్టు, సీసా మీద దాన్ని సృష్టించినవారి పేరు వేశాడు. చాచాకి ఈ సంగతి చెబితే శ్రద్ధగా విని, "మంచి పని చేసిండు" అని మాత్రం అని, గాజు పుల్ల తుడుచుకున్నాడు.

ఆ రాత్రి నిద్రపట్టక మా గుంటూరు దగ్గరి కొండవీడు గుర్తుచేసుకున్నాను. పధ్నాలుగో శతాబ్దం చివర అక్కడ కుమారగిరిరెడ్డి ఏటేటా వసంతోత్సవాలు జరిపి కర్పూర వసంతరాయలు అనిపించుకున్నాడు. ఆ ఉత్సవాలకి సుగంధద్రవ్యాలు సమకూర్చిన వర్తక కుటుంబం వాడే అవచి తిప్పయ్యశెట్టి. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది అతనికే. ఏ సరుకు ఏ దేశం నుంచి దిగేదో శ్రీనాథుడు అందులో చెప్పాడు, గుర్రాలు హురుముంజి నుంచి వచ్చేవి. హురుముంజి అంటే హోర్ముజ్, ఈ గల్ఫ్ నోటి దగ్గరి రేవు. ఇంకా వెనక్కి పోతే 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంలో గంధానికి, కర్పూరానికి, పన్నీరుకి, జవ్వాదికి ఎంత సుంకమో రాయించాడు. సరుకు పేరు, రేవు పేరు, రాజు పేరు, శెట్టి పేరు మిగిలాయి. ఆ కర్పూరాన్నీ జవ్వాదినీ ఏ పాళ్ళలో కలిపితే వసంతమవుతుందో ముక్కుతో తేల్చిన మనిషి పేరు ఏ శాసనంలోనూ లేదు.

ఎడ్యుకేషన్ సిటీలోని ఖురాన్ వనానికి కూడా ఒక పూట వెళ్ళాను. 2008లో మొదలైన తోట. ఖురాన్‌లోనూ, ప్రవక్త మాటల్లోనూ వచ్చే మొక్కల్ని పెంచుతున్నారు. ఎండ ఎక్కువై ఎక్కువసేపు ఉండలేకపోయాను. ఒక్క సిద్ర్ చెట్టు కింద మాత్రం నిలబడ్డాను. రేగు జాతిది, ముళ్ళు అవే, కాయ అదే. ఖతార్ ఫౌండేషన్ తన గుర్తుగా పెట్టుకుంది ఈ చెట్టునే. ఈ దేశంలో ఏడాదికి కురిసే వాన ఇంచుమించు 75 మిల్లీమీటర్లు. గులాబీ లేదు, మల్లె లేదు, గంధం లేదు, అగరు లేదు. ఖతారీ ఇంట్లో వెలిగే ప్రతి పరిమళమూ ఎక్కడి నుంచో నడిచొచ్చిందే. మన దగ్గర పెరట్లో పూస్తాయి కాబట్టి జడలో పెట్టుకుని తెల్లారి పారేస్తాం. పూయని నేల వాళ్ళు చుక్కను కూడా పేరుపెట్టి పిలుస్తారు.

అది కళ్ళారా చూసింది మా చెల్లి పనిచేసే బడిలోని ఒక ఖతారీ టీచరమ్మ ఇంట్లో. ఆడవాళ్ళ మజ్లిస్‌లో కూర్చోబెట్టి ఖర్జూరాలు, కహ్వా, మళ్ళీ ఖర్జూరాలు. చాలాసేపటికి వాళ్ళమ్మ లేచి, నిప్పుల పాత్ర తెచ్చింది. మద్‌ఖన్ అంటారు. ఊదు వేసి ఒక్కొక్కరి ముందుకీ పట్టింది. వాళ్ళు తలగుడ్డ అంచు ఎత్తి జుట్టుకి పొగ పట్టించుకున్నారు, అబాయా చేతుల్లోకి పొగను పంపుకున్నారు. నా ముందుకొచ్చేసరికి నా జడ పట్టుకుని ముందుకు వేసి, పొగను అరచేత్తో దాని మీదకి తోసింది. అచ్చం అమ్మమ్మ చెయ్యే. నాకు కళ్ళు చెమర్చాయి. ఆవిడ పొగ వల్ల అనుకుంది. తర్వాత వెండి బుడ్డితో గులాబీ నీళ్ళు చల్లింది. పొడుగు మెడ, పైన చిల్లుల మూత. మన పెళ్ళిళ్ళలో గుమ్మం దగ్గర నిలబడి చల్లే పన్నీరు బుడ్డి. "ఇక లేద్దాం అక్కా" అని చెల్లి నా చెయ్యి నొక్కింది. ఊదు తర్వాత కూర్చోవడం లేదని ఇక్కడ సామెతట. మనకి తాంబూలం ఎలాగో వాళ్ళకి ఊదు అలా.

బయల్దేరే ముందురోజు మళ్ళీ చాచా గదికి వెళ్ళాను. నా కోసం ఒకటి కలపమని అడిగాను. పావు తులం, 180 రియాళ్ళు. ఏ వాసనలు ఇష్టమని అడగలేదు. ఏ ఊరని అడిగాడు, వానాకాలంలో మీ ఇంటి ముందు ఏముంటుందని అడిగాడు, అమ్మమ్మ బతికుందా అని అడిగాడు. చెబుతుంటే డబ్బాలు తీస్తూ ఉన్నాడు. ఊదు, గంధం, వట్టివేరు, ఆ మొగలి చుక్క. చివర్లో అరలో వెనక దాచిన ఒక చిన్న సీసా దించాడు. మిట్టీ అత్తరు. కన్నౌజ్‌లో కాల్చిన మట్టిబిళ్ళల్ని డేగ్‌లో వేసి, వాటి ఆవిరిని గంధంలోకి దింపి తీస్తారు. ఇది అమ్మకానికి కాదు, నాకోసం పెట్టుకున్న అన్నాడు. మూత తీసి ముందు తను చూశాడు, కళ్ళు మూసుకుని. తర్వాత నాకిచ్చాడు. తొలకరి. కిటికీ బయట ఎండకి తెల్లబడ్డ గోడ, చేతిలో జూన్ నెల మొదటి వాన. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. అందులోంచి రెండు చుక్కలు నా సీసాలో వేశాడు.

నోటుపుస్తకంలో పాళ్ళు రాసుకుని, పైన ఒక మాట రాశాడు. ఏం రాశారు చాచా అని అడిగితే "గుంటూర్" అని చదివాడు. ప్రతి కలపడానికీ అడిగినవాళ్ళ ఊరే పేరట. పుస్తకం తిరగేసి చూపించాడు. దోహా, అల్ ఖోర్, మస్కట్, కోజికోడ్, జగిత్యాల. హైదరాబాదు ఏ పేజీలో ఉందని వెతికాను. అన్ని పేజీల్లోనూ ఉంది గదా, మళ్ళా వేరే ఎందుకు రాసుడు అన్నాడు.

"గిప్పుడే మూత తియ్యకు. నలభై రోజులు చీకట్ల పెట్టు. అన్నీ ఒకదానితోని ఒకటి మాట్లాడుకోవాలె. ఉగాదికి తియ్యి."

సీసా ఇప్పుడు గుంటూరులో మా బీరువా పై అరలో, అమ్మమ్మ పట్టుచీర మడతలో ఉంది. ఉగాది ఇంకా పదమూడు రోజులుంది. మూత బిగుతుగానే ఉంది, రోజూ చూస్తున్నాను. అయినా నిన్న చీర తీసి దులిపితే, గదిలో వాన వాసన వచ్చింది.